అక్వేరియం ఎల్ఈడీ లైటు ఆయుష్షు: 50,000 గంటల లెక్కలో ఏముంది?

అక్వేరియం లైటు అట్టపెట్టె మీద తరచూ కనిపించే అంకె 50,000 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున వెలిగిస్తే ఏడాదికి 2,920 గంటలవుతాయి. ఆ లెక్కన ఒక్క లైటు 17 ఏళ్లు రావాలి. వాడుకలో మాత్రం అలా జరగదు. కొన్ని లైట్లు రెండో ఏడు నిండకుండానే మినుకుమినుకుమంటాయి. కొన్ని పదేళ్లయినా వెలుగుతూనే ఉంటాయి గానీ వాటి కింద మొక్కలు పెరగడం మానేసి చాలాకాలమై ఉంటుంది. పెట్టె మీది అంకె అబద్ధమని కాదు. కొనేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటి, ఆ అంకె జవాబు చెప్పే ప్రశ్న ఇంకొకటి.

పాత ఫిలమెంటు బల్బు ఒకరోజు తీగ తెగి ఆరిపోతుంది. దాని ఆయుష్షు ఎప్పుడు తీరిందన్న దాని మీద వాదనే ఉండదు. ఎల్ఈడీలో తెగడానికి అలాంటి తీగ లేదు. చిన్న సెమీకండక్టరు ముక్కలోంచి కరెంటు పోతున్నప్పుడు వెలుగు పుడుతుంది. వేల గంటలు గడిచేకొద్దీ ఆ స్ఫటికంలో సూక్ష్మమైన లోపాలు పెరుగుతాయి. అదే కరెంటు తీసుకుంటుంది కానీ అందులో వెలుగయ్యే భాగం తగ్గి, వేడయ్యే భాగం పెరుగుతుంది. అంటే ఎల్ఈడీకి చావు కన్నా ముందు ముసలితనం వస్తుంది, అదీ చాలా నెమ్మదిగా. అందుకే పరిశ్రమ దాని ఆయుష్షును ఎల్70 అనే కొలతతో చెబుతుంది. కొత్తలో ఇచ్చిన వెలుగు 70 శాతానికి పడిపోవడానికి ఎన్ని గంటలు పడుతుందన్నదే ఎల్70. ఇంకాస్త కఠినంగా కొలవాలనుకుంటే ఎల్80, ఎల్90 ఉన్నాయి. పక్కన బి50 అని కూడా రాసి ఉంటే, ఆ గంటలు పూర్తయ్యే సరికి అలాంటి లైట్లలో సగం ఆ గీత కిందికి జారిపోతాయని అర్థం. కాబట్టి 50,000 గంటలంటే అంతవరకు కొత్తదానిలా వెలుగుతుందని కాదు. ఆ గంటకు మూడో వంతుకు దగ్గరగా వెలుగు పోయి ఉంటుందని ఆ అంకె ముందే ఒప్పుకుంటోంది.

ఈ అంకె ఎలా పుట్టిందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. 50,000 గంటలంటే రాత్రీ పగలూ ఆపకుండా వెలిగించినా అయిదున్నరేళ్లు దాటుతుంది. అంతకాలం పరీక్షించి ఆ తర్వాత సరుకు అమ్మకానికి పెట్టడం జరిగే పని కాదు. అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజినీరింగ్ సొసైటీ 2008లో ఎల్ఎం-80 అనే పరీక్షా పద్ధతిని, 2011లో టీఎం-21 అనే అంచనా పద్ధతిని తెచ్చింది. మొదటిదాని ప్రకారం ఎల్ఈడీలను కనీసం 6,000 గంటలు నిర్ణీత ఉష్ణోగ్రతల దగ్గర వెలిగించి, వెలుగు ఎంత తగ్గుతోందో మధ్యమధ్య కొలుస్తారు. రెండోదాని ప్రకారం ఆ తగ్గుదల గీతను ముందుకు పొడిగించి ఆయుష్షును అంచనా వేస్తారు. ఆ పొడిగింపుకూ హద్దుంది. తగినన్ని నమూనాలు పరీక్షించినా, పరీక్షించిన కాలానికి 6 రెట్లు మించి చెప్పకూడదు. 6,000 గంటల పరీక్షతో 36,000 గంటల వరకే చెప్పగలరు. 50,000 అనాలంటే 8,000 గంటలు దాటి పరీక్షించి ఉండాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ పరీక్షంతా ఎల్ఈడీ చిప్పు (వెలుగునిచ్చే ఆ సెమీకండక్టరు ముక్క), దాని చిన్న తొడుగు కలిసిన ప్యాకేజీకే గానీ మొత్తం లైటుకు కాదు. చిప్పును తీసుకెళ్లి ఒక అల్యూమినియం రేకుకు అతికించి, పైన ప్లాస్టిక్ మూత వేసి, ఒక అడాప్టరుకు కలిపి, వెచ్చటి నీళ్లకు నాలుగంగుళాల ఎత్తున వేలాడదీస్తే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. చెప్పాలన్న ఉద్దేశమూ దానికి లేదు. చిప్పు తయారీదారు కాగితంలోని అంకెను తీసుకొచ్చి మొత్తం లైటు పెట్టె మీద అచ్చువేయడంతోనే చిక్కంతా మొదలవుతుంది.

ముందు పోయేది చిప్పు కాదు

ఆగిపోయిన అక్వేరియం లైటును విప్పి చూస్తే ఎల్ఈడీలు చాలావరకు బాగానే ఉంటాయి. పాడయ్యేది వాటికి కరెంటు అందించే డ్రైవరు లేదా అడాప్టరు. గోడ ప్లగ్గు నుంచి వచ్చే ఏసీ కరెంటును ఇది డీసీగా మార్చాలి. మార్చేటప్పుడు కరెంటులో వచ్చే ఎగుడుదిగుళ్లను సరిచేయడానికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు వాడతారు. దాని లోపల ద్రవం ఉంటుంది. వేడికి ఆ ద్రవం కొద్దికొద్దిగా ఆరిపోతుంది. ఆరేకొద్దీ కెపాసిటరు పట్టు తగ్గుతుంది, చివరికి దాని పైభాగం ఉబ్బి కనిపిస్తుంది.

ఈ కెపాసిటర్ల విషయంలో ఎలక్ట్రానిక్స్ వాళ్లు నమ్మే లెక్క ఒకటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న మామూలు కెపాసిటరునే తీసుకుందాం. అది 85 డిగ్రీల దగ్గర 8,000 గంటలు, 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు రావాలి. రోజుకు 8 గంటల వాడకంలో మొదటిది మూడేళ్లు కూడా నిండదు, రెండోది దాదాపు 11 ఏళ్లు. భాగం అదే, తేడా 20 డిగ్రీలు మాత్రమే. ట్యాంకు కింద మూసి ఉన్న చెక్క బీరువాలో, ఫిల్టరు వెనక, ఇతర వైర్ల కుప్పలో ఇరికించిన అడాప్టరుకూ, గాలి ఆడే చోట గోడకు తగిలించిన అడాప్టరుకూ మధ్య ఉండే తేడా ఇలాంటిదే. ఒకే లైటు ఒకరికి మూడేళ్లు, మరొకరికి పదేళ్లు రావడం వెనక అదృష్టం కన్నా ఈ వేడి లెక్కే ఎక్కువ.

డ్రైవరు చెడుతోందనడానికి గుర్తులు ముందే కనిపిస్తాయి. స్విచ్ వేసిన కాసేపటికి గానీ లైటు వెలగదు. వెలిగాక అదురుతుంది. ఆ అదురు కంటికి తెలియకపోయినా ఫోను కెమెరాలో చూస్తే తెర మీద నల్లటి చారలు పాకుతుంటాయి. వెలుగును తగ్గించే డిమ్మరు లైటును వేగంగా ఆర్పి వెలిగించడం వల్ల కూడా ఇలాంటి చారలు రావచ్చు. అందుకని ఒకప్పుడు లేని చారలు కొత్తగా వస్తున్నాయా అన్నదే చూడాలి. అరగంట వెలిగి ఆరిపోయి, చల్లారాక మళ్లీ వెలిగిందంటే ఎక్కడో వేడి హద్దు దాటుతోంది. ఈ స్థితిలో లైటు పారేయడం తొందరపాటు. అడాప్టరు విడిగా ఉండే రకమైతే దాన్నొక్కటే మార్చవచ్చు. కొత్తది పాతదాని వోల్టేజీనే ఇవ్వాలి, ప్లగ్గులో ప్లస్, మైనస్ ఒకే వరసలో ఉండాలి, ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు. అయితే ఇది స్థిరమైన వోల్టేజీ ఇచ్చే 12 వోల్టుల, 24 వోల్టుల అడాప్టర్లకే వర్తిస్తుంది. స్థిరమైన కరెంటు ఇచ్చే డ్రైవరైతే దాని మిల్లీఆంపియర్ల అంకె కచ్చితంగా కలవాలి. ఎక్కువైతే ఎల్ఈడీలే మాడిపోతాయి.

రెండో శత్రువు తేమ. ఈ లైట్లకు నీటి తుంపర్ల కన్నా రోజూ ఆర్పి వెలిగించడం వల్ల జరిగే ఒక పని ఎక్కువ చేటు చేస్తుంది. వెలిగినప్పుడు లైటు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఎక్కడ సందుంటే అక్కడి నుంచి బయటికి పోతుంది. ఆర్పాక చల్లబడి కుంచించుకుంటుంది, ఆ సందుల్లోంచే బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ బయటి గాలి ట్యాంకు మీది తడి గాలి. ఉప్పునీటి ట్యాంకైతే తుంపర్లతో లేచిన ఉప్పు కూడా అందులో ఉంటుంది. ఇలా రోజుకొకసారి చొప్పున ఏళ్ల తరబడి లోపలికి చేరిన తేమ టంకపు అతుకుల మీద ఆకుపచ్చ, తెల్లటి తుప్పుగా తేలుతుంది. నీటి నుంచి ఎంత రక్షణ ఉందో చెప్పే ఐపీ67 ముద్ర ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. కొత్త వస్తువును ఒక మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు ముంచితే నీరు చొరబడలేదని మాత్రమే ఆ ముద్ర చెబుతుంది. నాలుగేళ్ల వేడికి రబ్బరు సీలు గట్టిపడ్డాక ఏమవుతుందో ఆ పరీక్షలో లేదు. ఇక ఐపీ20 అని ఉన్న లైటుకు నీటి నుంచి ఏ రక్షణా లేదు. దాన్ని మూత లేని ట్యాంకు మీద పెట్టడమే పొరపాటు. మధ్యలో గాజు మూత ఉంచడం, కుదిరితే లైటును ఇంకొన్ని అంగుళాలు పైకి లేపడం, ఈ రెండూ ఖర్చు లేని మందులు.

లైటులో ఒక వరస మొత్తం ఆరిపోయి మిగతావి వెలుగుతుంటే అది వయసు కాదు. ఎల్ఈడీలను వరసలు వరసలుగా, ఒకదాని వెంట ఒకటి కలుపుతారు. వరసలో ఒక్క అతుకు ఊడినా ఆ వరసంతా చీకటి. టంకం పని తెలిసినవాళ్లకు ఇది చిన్న మరమ్మతు.

ఫ్యాను ఉన్న లైట్లలో ఫ్యాను ఆయుష్షే లైటు ఆయుష్షు. దుమ్ము పట్టి అది నెమ్మదిస్తే చిప్పులు వేడెక్కుతాయి, మసకబారడం వేగమవుతుంది. శబ్దం మారిన రోజే దాన్ని శుభ్రం చేయాలి, లేదా మార్చాలి.

రంగుల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తెల్లటి ఎల్ఈడీ అనేది నిజానికి నీలి ఎల్ఈడీయే. సుమారు 450 నానోమీటర్ల నీలి వెలుగు ఇచ్చే చిప్పు మీద పసుపుపచ్చ ఫాస్ఫరు పూత పూస్తారు. పూత దాటి వచ్చిన నీలమూ, పూత మార్చిన పసుపూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. కాలం గడిచేకొద్దీ చిప్పే కాదు, పైనున్న పూతా పాడవుతుంది. చిప్పును కప్పి ఉంచిన పారదర్శక పదార్థం వేడికీ, తక్కువ తరంగదైర్ఘ్యపు వెలుగుకూ పచ్చబడుతుంది. ఎపాక్సీ త్వరగా, సిలికోన్ ఆలస్యంగా. పగడాల ట్యాంకుల్లో వాడే 400-420 నానోమీటర్ల ఊదా ఎల్ఈడీల మీద ఈ దెబ్బ మిగతావాటి కన్నా గట్టిగా పడుతుంది. ఎర్ర ఎల్ఈడీలది మరో బలహీనత. లైటు వేడెక్కినప్పుడు నీలివాటి కన్నా అవి ఎక్కువ వెలుగు కోల్పోతాయి. అందువల్ల అయిదారేళ్ల నాటి బహురంగుల లైటులో మొత్తం వెలుగు తగ్గడమే కాదు, రంగుల పాళ్లు కూడా మారి ఉంటాయి.

కంటికి దొరకని తగ్గుదల

వెలుగును కొలవడానికి కన్ను పనికొచ్చే సాధనం కాదు. మసక గదిలోనూ ఎర్రటి ఎండలోనూ చూడగలగడానికి అది ఎప్పటికప్పుడు సర్దుకుంటూ ఉంటుంది. అయిదేళ్లలో 30 శాతం తగ్గితే రోజూ ఆ ట్యాంకు ముందు కూర్చునేవాళ్లకు ఏ తేడా తెలియదు. మొక్కకు తెలుస్తుంది. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల వెలుగును పార్ అంటారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్ ఫోటాన్లు పడుతున్నాయన్నది దాని కొలత. అనూబియాస్, జావా ఫెర్న్, నాచుల్లాంటివి 20, 30 దగ్గర కూడా హాయిగా బతుకుతాయి. వాటికి 30 శాతం తగ్గుదల ఒక లెక్కే కాదు. నేల మీద తివాచీలా పరుచుకోవాల్సిన మొక్కలకు 60 అందుతూ ఉండి అది 42కి పడితే, అవి పాకడం మాని పైకి సాగడం మొదలెడతాయి. గట్టి అస్థిపంజరం ఉండే పగడాలు చాలావాటికి 200 పైన కావాలి. 250 కాస్తా 175 అయితే వాటి రంగులోనూ పెరుగుదలలోనూ తేడా కనిపిస్తుంది. అంటే ఒకే లైటు, ఒకే వయసు, ఒక ట్యాంకులో ఇంకా కొత్తదే, మరో ట్యాంకులో కాలం చెల్లినది.

మొక్కలు కాండం సాగదీసి, కింది ఆకులు రాల్చడం వెలుగు చాలదనడానికి గుర్తే. కానీ కార్బన్ డయాక్సైడ్ తక్కువైనా, పోషకాలు తక్కువైనా ఇంచుమించు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పాచి పెరిగింది కాబట్టి లైటు పాతబడిందనే వాదన ఫ్లోరోసెంట్ ట్యూబుల కాలం నాటిది, ఎల్ఈడీ విషయంలో దాన్ని రుజువుగా తీసుకోవడం తప్పు. చాలా ట్యాంకుల్లో పాచికి కారణం వెలుగు ఎక్కువ కావడమే. ఆకుల్ని చూసి లైటు కొనేముందు కొలత తీసుకోవడం న్యాయం.

పార్ మీటరు దొరికితే మంచిదే. దొరకకపోయినా ఫోనులోని లక్స్ కొలిచే యాప్ సరిపోతుంది, ఒక షరతు మీద. లక్స్ అనేది మనిషి కంటికి అనువైన కొలత. 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగుకు అది ఎక్కువ విలువ కడుతుంది, నీలానికీ ఎరుపుకూ తక్కువ విలువ కడుతుంది. కాబట్టి రెండు వేర్వేరు లైట్లను లక్స్‌తో పోల్చకూడదు. ఒకే లైటు కొత్తలో ఎంతిచ్చింది, ఇప్పుడెంతిస్తోంది అని పోల్చడానికి మాత్రం అది బాగానే పనికొస్తుంది. అదే ఫోను, అదే దూరం, అదే చోటు, గదిలో వేరే వెలుగు లేకుండా, డిమ్మరు అదే శాతంలో, లైటు అరగంట వెలిగి వేడెక్కాక. లైటు కొన్న రోజునే ఈ అంకె తీసుకుని అడాప్టరు మీద చీటీ అతికించి రాసుకుంటే, ఆ తర్వాత ఏడాదికొకసారి కొలిచే ప్రతి అంకెకూ అర్థం ఉంటుంది. మొదటి అంకె లేకపోతే ఏ కొలతా లైటు వయసు చెప్పలేదు.

కొలిచేముందు తుడవాలి. గాజు మూత మీద పేరుకున్న సున్నపు పొర, లైటు అడుగున ఎండిన నీటి చుక్కలు, ఉప్పు, పాచి ఇవన్నీ వెలుగును మింగుతాయి. ప్లగ్గు తీసేసి, చల్లారాక, వెనిగర్‌తో తడిపిన గుడ్డతో రుద్దితే సున్నం కరుగుతుంది. ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. ముసలిదైపోయిందనుకున్న లైటు ఈ ఒక్క పనితో తేరుకోవడం అరుదేమీ కాదు. చెక్కలు ఊరి నీళ్లు తేనీటి రంగుకు మారిన ట్యాంకులో నీటిని కూడా అనుమానించాలి. ఆ రంగు నీలి వెలుగును ప్రత్యేకంగా తాగేస్తుంది.

మార్చే వేళ

టీ5 అనే సన్నటి ఫ్లోరోసెంట్ ట్యూబులను ఏడాదికి అటూ ఇటూగా మార్చడం, మెటల్ హాలైడ్ బల్బులను ఇంకా ముందే మార్చడం అక్వేరియం వాళ్లకు పాత అలవాటు. వాటికది సబబే. ఆ అలవాటును ఎల్ఈడీకి తగిలించి, క్యాలెండరు చూసి మార్చడంలో అర్థం లేదు. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో లైటు మనం చూసుకోవడానికే. చేపలకు పగలూ రాత్రీ తేడా తెలిస్తే చాలు. ఆ లైటు ఆరిపోయేదాకా, లేదా తడి చేరి ప్రమాదంగా మారేదాకా మార్చనక్కర్లేదు. తక్కువ వెలుగు మొక్కలకూ దాదాపు అంతే. ఎక్కువ వెలుగు కోరే మొక్కలు, పగడాలు ఉన్నచోట రెండు షరతులు కలిసినప్పుడు మార్చడం సబబు: తుడిచి కొలిచినా వెలుగు మొదటి అంకెలో 70 శాతానికి చేరడం, డిమ్మరును పెంచడానికి ఇక జాగా లేకపోవడం.

రెండో షరతు కొనేనాడే సగం తేలిపోతుంది. అవసరానికి సరిగ్గా సరిపోయే లైటు కొని 100 శాతంలో నడిపితే దానికి ముసలితనం రావడం తోనే కొరత మొదలవుతుంది. కాస్త పెద్దది కొని 60, 65 శాతంలో నడిపితే రెండు లాభాలు. తక్కువ కరెంటులో చిప్పు చల్లగా ఉండి మసకబారడం నెమ్మదిస్తుంది, మసకబారినా ఏడాదికింత చొప్పున డిమ్మరును పైకి జరుపుకోవచ్చు. లైటు ఆయుష్షు పెంచే మార్గాల్లో దీనికి మించింది లేదు. వెలిగే గంటలు పెంచి కొరత పూడ్చడం నెమ్మదిగా పెరిగే మొక్కలతో కొంతవరకు నడుస్తుంది. బలమైన వెలుగు కోరే జాతులకు మాత్రం మసక వెలుగు పన్నెండు గంటలిచ్చినా అవసరం తీరదు, పాచికి మాత్రం పండగ.

కొనేటప్పుడు గంటల అంకె కన్నా వారంటీని చూడటం మేలు. 50,000 గంటలని అచ్చువేసి ఒక్క ఏడాది వారంటీ ఇస్తున్నారంటే, తయారీదారు తన డబ్బు పెట్టి పూచీ పడుతున్నది 8 గంటల వాడకంలో 2,920 గంటలకే. మూడేళ్లు పూచీ పడేవాళ్లు డ్రైవరు మీద, సీలు మీద, అల్యూమినియం మందం మీద ఎంతో కొంత ఖర్చు పెట్టే ఉంటారు.

పాడవకపోయినా మార్చడానికి ఒక కారణం ఉంది, కరెంటు. 2010 ప్రాంతంలో మంచి తెల్ల ఎల్ఈడీలు వాటుకు 100 ల్యూమెన్ల దరిదాపుల్లో ఇచ్చేవి. ఇప్పటి మేలైన చిప్పులు దానికి దాదాపు రెట్టింపు ఇస్తున్నాయి. ఆనాటి 60 వాట్ల లైటు రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 175 యూనిట్లు తాగుతుంది. అదే వెలుగు 30 వాట్లలో వస్తే 88 యూనిట్లతో పోతుంది. ఒక చిన్న ట్యాంకుకు ఇది పెద్ద మొత్తం కాదు, వరసగా ట్యాంకులు పెట్టినచోట మాత్రం లెక్క వేసుకోదగ్గదే.

కొత్త లైటు బిగించిన రోజునే పూర్తి వెలుగు ఇవ్వడం మంచిది కాదు. ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన వెలుగుకు మొక్కలూ పగడాలూ తమ కణాలను సర్దుకుని ఉంటాయి. ఒక్కసారిగా వెలుగు పెరిగితే పగడాలు తమలో ఉండే శైవలాలను (పాచి జాతి సూక్ష్మజీవులను) బయటికి నెట్టేసి తెల్లబడతాయి, మొక్కలు అందుకునేలోపే పాచి అందుకుంటుంది. పాత లైటు చివరి రోజున ట్యాంకు నేల దగ్గర ఎంత వెలుగు ఉందో దాదాపు అంతే ఇచ్చేలా కొత్తదాన్ని పెట్టి, అక్కడి నుంచి మూడు నాలుగు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. పాత లైట్లో ఫ్లోరోసెంట్ ట్యూబుల్లా పాదరసం ఉండదు, అయినా సర్క్యూటు బోర్డు ఉంటుంది కాబట్టి ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లోనే వేయాలి. తడి తగలకుండా, వైర్లు గట్టిగా ఉండి, వెలుగు మాత్రమే తగ్గిన లైటైతే పారేయక్కర్లేదు. జబ్బుపడిన చేపలను, కొత్తగా తెచ్చిన చేపలను విడిగా ఉంచే ట్యాంకుకు ఆ మసక వెలుగే సరిగ్గా సరిపోతుంది.